కోటికి మూడు గీతలు

మొన్న సాయంత్రం క్లాసులో ఒకాయన స్క్రీన్ వైపు వేలు చూపించి నన్నో ప్రశ్న అడిగాడు. ఆయన బోద్రీ కోర్టులో గుమాస్తా. పగలంతా అక్కడ ఫైళ్లతో కుస్తీపట్టి, సాయంత్రం బిలాస్‌పూర్ కుదుదండ్‌లోని మా చిన్న కంప్యూటర్ క్లాసుకి వచ్చి ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్నాడు. నేను చూపించిన ప్రోగ్రాంలో కోటి అనే సంఖ్య ఇలా ఉంది: 1_00_00_000.

"మేడమ్, ఈ భాష తయారుచేసిన వాళ్లందరూ పైదేశాల వాళ్లు కదా. వాళ్లు అంకెల్ని మూడేసి చొప్పున విడగొడతారు. మరి మనం లక్షల లెక్కలో, కోట్ల లెక్కలో గీతలు పెడితే ఇది ఎర్రర్ చూపించకుండా ఎలా ఊరుకుంది?" అని హిందీలో అడిగాడు.

నాకు నవ్వాగలేదు. పాపం, తనేదో పిచ్చి ప్రశ్న వేశాననుకుని ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"ఊరికే ఊరుకోలేదండీ. ఒకావిడ పట్టుబట్టి ఊరుకోబెట్టింది. మీరు కూర్చున్న కుర్చీ ఆవిడదే," అన్నాను.

ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు. కూర్చోండి మహాప్రభో, ఆవిడకి ఇలాంటి మర్యాదలంటే ఒళ్లుమంట అని చెప్పి కూర్చోబెట్టాను. ఆ తర్వాత క్లాసేం జరగలేదు. ఆవిడ కబుర్లే సరిపోయాయి.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాసినా కుదుదండ్‌లో ఎవరూ గుర్తుపట్టరు, ఎందుకంటే ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. తెలుగువాళ్లందరికీ 'అప్ప'. శ్రీకాకుళం వైపు అక్కని అలా అంటారట. హిందీవాళ్లకి దీదీ. కన్నతండ్రికి మాత్రం పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా 'ఒలే'.

నేను కరీంనగర్ దాన్ని. మా ఆయనకి బ్యాంకులో బదిలీ అయితే ఆయన వెంట బిలాస్‌పూర్ వచ్చిపడ్డాను. వచ్చిన కొత్తలో నాకు హిందీ అంతంతమాత్రం, తెలిసిన మనిషి ఒక్కరూ లేరు, ఇంట్లో గోడలతో మాట్లాడుకునేదాన్ని. ఒకరోజు కూరగాయలు కొనుక్కుని వస్తుంటే ఒక మేడమీది గదిలోంచి తెలుగు వినబడింది.

"ఓలమ్మో! ఇదేటి, మళ్లీ బండి ఔటర్‌లో ఆగిపోనాది!"

ఎవరో చుట్టాలు స్టేషన్ బయట రైల్లో చిక్కుకుపోయారనుకున్నాను. అయ్యోపాపం అనుకున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, తెలుగు వినబడిన సంతోషంలో మెట్లెక్కేశాను. లోపల పాత కంప్యూటర్లు వరసగా ఉన్నాయి. చీర కింద స్పోర్ట్స్ బూట్లు తొడుక్కుని, ముడిలో పెన్సిల్ గుచ్చుకున్న ఒకావిడ నడుంమీద చెయ్యివేసుకుని ఒక స్క్రీన్‌ని గుడ్లురిమి చూస్తోంది.

"ఎవరి బండి ఆగిందక్కా? ఏంది సంగతి?" అన్నాను.

"ఎవరిదేటి, నా ప్రోగ్రాందే!" అని, అప్పుడు తలతిప్పి నన్ను చూసింది. "ఏంది అంటన్నావు, తెలంగాణా పిల్లవా? రా రా, కూకో. నీది 'ఏంది', నాది 'ఏటి'. మధ్యలో 'ఏమిటి' అనేదొకటి ఉందట, అది పుస్తకాల్లోనే బతుకుతాది." అని తన మాటకి తనే నవ్వింది. ఆ నవ్వుకి కింద కిరాణాకొట్టు ఆయన కూడా నవ్వడం నాకు మెట్లమీదుగా వినబడింది. ఆ రోజు తెచ్చిన కూరగాయలు అక్కడే మర్చిపోయి ఇంటికెళ్లాను. మర్నాడు వాటికోసం వెళ్లి క్లాసులో చేరిపోయాను.

ఆవిడ భాషలో తప్పు అనే మాటే లేదు. ప్రోగ్రాం నడవకపోతే బండి ఔటర్‌లో ఆగింది. నడిస్తే ప్లాట్‌ఫారం మీదికొచ్చింది. ప్రాణం తీసే పొరపాటేదైనా దొరికితే పట్టాలు తప్పింది. ప్రేమగా తిట్టాలంటే తెలుగు, క్రమశిక్షణకి హిందీ, కంప్యూటర్‌ని తిట్టడానికి మాత్రం ఇంగ్లీషు. దానికి అర్థం కావాలి కదేటి అనేది. కరెంటు పోతే అందరిచేతా అప్పటిదాకా రాసిన ప్రోగ్రాంని నోటితో చదివించేది. పెద్ద సంఖ్య ఏదైనా వస్తే పెన్ను మొనతో స్క్రీన్ మీద టక్ టక్ మని పొడుస్తూ సున్నాలు లెక్కపెట్టేది. మా స్క్రీన్లన్నిటికీ అమ్మవారు పోసినట్టు మచ్చలుండేవి.

అంకెలంటే ఆవిడకి ఒక పట్టింపు ఉండేది. ఏ సంఖ్యనీ ఒక్క ఊపున చదవనిచ్చేది కాదు. "ఊపిరి తీసుకోనీ దానికి," అనేది. ఈ జబ్బు తండ్రి నుంచి వచ్చింది. ఆయన రైల్వే యార్డులో నంబర్లు రాసుకునే ఉద్యోగం చేశాడు. గూడ్సుబండి వచ్చి నిలబడితే దాని పక్కనే నడుస్తూ ఒక్కో వ్యాగను మీద ఉన్న పదకొండు అంకెల నంబరూ రాసుకోవాలి. రెండేసి అంకెలు మూడుసార్లు, తర్వాత నాలుగు, చివర ఒంటరిగా ఒకటి. రిటైరయ్యాక కూడా ఆయన గ్యాసు సిలిండరు మీది నంబరైనా, మందుసీసా మీది నంబరైనా అలాగే ఆగి ఆగి చదివేవాడు. చివరి అంకె దగ్గర కాస్త గొంతు పెంచేవాడు. పక్కన అప్ప ఉంటే ఆవిడ తలకూడా దానికి తగ్గట్టు ఊగేది, తనకి తెలీకుండానే.

క్లాసులో మేం నేర్చుకునేది పెద్ద పేరున్న భాష కాదు. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో తీరిక వేళల్లో కలిసి కట్టుకుంటున్న చిన్న భాష అది. ఉచితం, పైగా మా ముసలి కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది. దాన్ని పట్టుకుని ఒకసారి మాచేత ఏడాది పొడుగునా గనుల నుంచి వెళ్లే బొగ్గు లెక్క కట్టే ప్రోగ్రాం రాయించింది. ఊహించుకున్న అంకెలే. నేను కోటి టన్నులు అని చక్కగా మన పద్ధతిలో కామాలు పెట్టి రాశాను: 1,00,00,000. క్లాసులో అందరూ అలాగే రాశారు. చిన్నప్పటినుంచి బళ్లో నేర్పింది అదే మరి.

నడిపిస్తే జవాబు ఒకటి అని వచ్చింది. ఒక్క టన్ను.

అప్ప తండ్రి ఆ వేళకి టీ ఫ్లాస్కు తీసుకుని పైకి వచ్చాడు. స్క్రీన్ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏటే, సంవత్సరమంతా తవ్వి ఒక్క టన్నేనేటి? ఇంజిన్లో డ్రైవరు బరువే అంతకన్నా ఎక్కువుంటాది!"

అప్ప నవ్వీ నవ్వీ నేలమీద కూర్చుండిపోయింది. తర్వాత సంగతి విడమర్చి చెప్పింది. ఆ భాషలో కామా అంటే ఒక విలువ అయిపోయి ఇంకో విలువ మొదలైందని. అంచేత మా కోటిని అది ఒకటి, సున్నా, సున్నా, సున్నా అని నాలుగు ముక్కలుగా తీసుకుని, బుద్ధిగా కూడి, ఒకటి అని చెప్పింది. దాని తప్పేమీ లేదు. కామాలు తీసేసి రాయమంటే మళ్లీ గొడవ. ఒకరు ఒక సున్నా ఎక్కువ వేశారు, ఒకరు రెండు తక్కువ వేశారు. నేను ఎక్కువ వేసినదాన్ని. మళ్లీ పెన్ను టకటకలు మొదలు.

"కామాకి ఇప్పటికే ఒక డ్యూటీ ఉంది," అంది అప్ప. "ఒకడికే రెండు డ్యూటీలు వేస్తే యాక్సిడెంటే. ఖాళీ వదిలితే మాట అయిపోనాదనుకుంటాది. అదిగో, ఆ కింద గీత ఉంది చూడు. పట్టా కింద స్లీపర్‌లాగ కింద పడుకుని ఉంటాది. బండికి అడ్డం రాదు, మన కంటికి ఆనుతాది. దాన్ని వేయిస్తాను."

"ఎవరితో వేయిస్తవక్కా?" అన్నాను.

"నేనే వేస్తాను. భాష అందరిదీ అన్నారు కదా. అందరిలో నేను లేనేటి?"

నిజంగానే కూర్చుంది. అంకెల మధ్యలో కింద గీత కనబడితే దాన్ని చూడనట్టు దాటిపొమ్మని ఆ భాష లోపలి ప్రోగ్రాంలో రాసింది. రాశాక ఒక ఆదివారం పొద్దున్న మమ్మల్నందరినీ పిలిచి, పోహా, జిలేబీ తెప్పించి, "ఇరగ్గొట్టండి," అంది. ఆవిడ రాసిందాన్ని తికమకపెట్టే సంఖ్య ఎవరు రాస్తే వాళ్లకి రెండో జిలేబీ. అబ్బ, ఎంత గోల చేశాం! ఒకమ్మాయి గీతని అంకెలకి ముందు పెట్టింది. అలా పెడితే ఆ భాష దాన్ని సంఖ్య అనుకోదు, ఎవరిదో పేరనుకుని వెతుకుతుంది. ఇంకొకరు చివర పెట్టారు. నేను రెండు గీతలు పక్కపక్కన పెట్టాను. బండి దర్జాగా పట్టాలు తప్పింది. అప్ప చప్పట్లు కొట్టి నాకు జిలేబీ పెట్టి, వేళ్లకి అంటిన పాకం చీరకి తుడుచుకుని, అప్పటికప్పుడు దిద్దింది. గీతకి రెండువైపులా అంకె ఉండాలి, అంతే రూలు. అటూ ఇటూ మనుషులుంటే మధ్యలో పడుకోవచ్చు అని దానికి వ్యాఖ్యానం.

ఆ భాష కట్టేవాళ్లకి పంపించాం. మొదటిసారి జవాబు: ఇది అవసరం లేదు. అప్ప భుజాలు ఎగరేసి ఇంకో వివరణ రాసింది. రెండోసారి జవాబు: సరే, గీత మంచిదే, కానీ మూడేసి అంకెలకి ఒకటి మాత్రమే ఉండాలి. ఇంకోలా పెడితే ఎర్రర్ అని చూపించేలా మార్చండి.

ఆ జవాబు చదివిన రోజు అప్ప నవ్వలేదు. నేను ఆవిడని అలా చూడటం అదే మొదలు. "నా కోటి తప్పంట పిల్లా," అంది. "కోటికి రెండే గీతలంట. మూడు పెడితే తప్పు రాసినట్టంట. గీతే లేకపోతే అసల్లేదనుకుంటాం. ఉండీ, మనం రాసింది మాత్రం తప్పని చెప్తాదంటే, ఇంక మన పిల్లలకి ఏ మొహం పెట్టుకుని నేర్పుతానే? నీ లెక్కే తప్పు అని చెప్పనా?"

వాళ్ల పద్ధతి ప్రకారం ఒక విషయం మీద మూడోసారి అందరూ వీడియోకాల్‌లో కూర్చుని మాట్లాడుకుంటారు. ఆ రోజు ఏది తేలితే అదే. మళ్లీ ఎత్తడానికి లేదు. అంటే ఇంకొక్క అవకాశం. అప్ప ఇంగ్లీషులో ఉపన్యాసం తయారుచేసుకుంది. వంటింట్లో చదివింది, మెట్లమీద చదివింది, పక్క ఊరు కోటా వెళ్లే లోకల్ రైల్లో నా పక్కన కూర్చుని చదివింది. ఎదురుసీటు ఆవిడ, పాపం ఈమెకేమైంది అని నన్ను సైగలతో అడిగింది కూడా. నాకు లోపల భయంగానే ఉండేది. వాళ్లు కాదంటే ఈ మనిషి క్లాసు మూసేస్తుందని నాకు అనిపించింది. మూసేస్తే నేనేం కావాలి? ఈ ఊళ్లో నాకున్న పుట్టిల్లు ఆ మేడమీది గదే.

కాల్ రోజు సాయంత్రం ఆవిడ కొత్త చీర కట్టింది. కెమెరాలో బూట్లు కనబడవులే అని అవే తొడుక్కుంది. తండ్రి వెనక మంచం మీద, నేను పక్కన స్టూలు మీద. స్క్రీన్ మీద గళ్లుగళ్లుగా మొహాలు. మూడేసి అంకెలే ఉండాలని పట్టుబట్టినాయన ఒక గడ్డమాయన. మంచివాడే, మాట మర్యాదగా ఉంది. "ఒకరి ప్రోగ్రాంని ప్రపంచమంతా చదువుతుంది. అందరిదీ ఒకేలా ఉంటేనే చదవడం తేలిక," అన్నాడు. చాలామంది తలలూపారు. ఆ మాటలో తప్పేముందని నాకే అనిపించింది, అందుకే ఇంకా కోపమొచ్చింది.

అధ్యక్షత వహిస్తున్నాయన అప్ప వైపు తిరిగాడు. అప్ప నోరు తెరిచింది. మూసింది. కాగితం కోసం వెతుక్కుంది. అది తండ్రి కింద ఉంది, ఆయన దానిమీదే కూర్చున్నాడు. ఉపన్యాసం మొత్తం ఎగిరిపోయిందని ఆవిడ కళ్లలో తెలుస్తోంది. నేను దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

అప్పుడు అప్ప గడ్డమాయనతో, "మీ ఫోన్ నంబరు చెప్తారా? ఇంట్లో వాళ్లకి ఎలా చెప్తారో అలాగే చెప్పండి. చివరి అంకెలు అబద్ధం చెప్పినా పర్లేదు, నేను ఫోన్ చేసి విసిగించను," అంది.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి చెప్పాడు. రెండేసి, రెండేసి అంకెలుగా. వాళ్ల దేశంలో అలాగే చెప్పుకుంటారట. అప్ప రాసుకుంది. రాసుకుని తిరిగి చదివి వినిపించింది. మూడు అంకెలు, ఆగింది. మూడు, ఆగింది. మళ్లీ మూడు, చివర ఒకటి.

"కాదు కాదు," అన్నాడాయన. "అది నా నంబరు కాదు."

"సరిగ్గా వినండి," అని మళ్లీ అలాగే చదివింది.

"కాదండీ. ఎక్కడో పొరపాటు పడ్డారు."

అప్ప తను నంబరు రాసుకున్న కాగితాన్ని కెమెరాకి దగ్గరగా పట్టుకుంది. గడ్డమాయన కళ్లజోడు సర్దుకుని ముందుకి వంగాడు. పెదాలు కదుపుతూ చదివాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆయన నంబరే అది, ఒక్క అంకె తేడా లేదు.

"నేనేం మార్చలేదండీ," అంది అప్ప. ఇప్పుడు ఇంగ్లీషు దానంతటదే వస్తోంది. "ఎక్కడ ఆగాలో అది మార్చానంతే. మీ సొంత నంబరే మీకు కొత్తగా కనబడింది. మీ రూలు పెడితే మా కోటి మాకు అలాగే కనబడుతుంది. నేను మీ మూడేసిని తీసెయ్యమనడం లేదు. మీరెలా ఆగుతారో అలాగే ఆగండి. మమ్మల్నీ ఆగనివ్వండి."

తండ్రి వెనకనుంచి "ఏటంటన్నారే?" అని గుసగుసగా అడిగితే నేను ష్ అన్నాను.

అధ్యక్షుడు ఇంకెవరైనా చెప్పాల్సింది ఉందా అన్నాడు. అన్నిటికన్నా చివరి గడిలో, అప్పటిదాకా మైకు తెరవని ఒకావిడ ఉంది. జపాన్ ఆవిడ. మైకు తెరిచి చాలా నెమ్మదిగా, "మా లెక్క నాలుగేసి. పదివేలకి ఒకసారి ఆగుతాం. ఈ భాషలో చాలా ఏళ్లుగా రాస్తున్నాను. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. నాకు కూడా ఇది కావాలి," అంది. అని వెంటనే మైకు మూసేసింది.

చేతులెత్తమన్నప్పుడు అందరికన్నా ముందు లేచిన చెయ్యి గడ్డమాయనది. అంకెల మధ్య గీత ఎవరికి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు, తీర్మానం అయిపోయింది. కాల్ ముగిసి స్క్రీన్ నల్లబడ్డాక కూడా అప్ప కదల్లేదు. నేను ఆవిడని గట్టిగా కావలించుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, సిగ్గులేకుండా ఏడ్చాను. తండ్రి మాత్రం, "ఓలమ్మా, నాకొక్క ముక్క తెలుగులో చెప్పండే! గెలిచినామా ఓడినామా?" అని మంచం మీంచి లేచి మా ఇద్దరి చుట్టూ తిరిగాడు.

"గెలిచీసినాం నాన్నా," అంది అప్ప. ఆయన వెంటనే చొక్కా తొడుక్కుని వీధిలోకి వెళ్లి, ఏం గెలిచామో తెలీకుండానే కిరాణాకొట్టులో అందరికీ చెప్పి వచ్చాడు.

కొన్నాళ్లకి ఆ మార్పుతో భాష కొత్తగా విడుదలైంది. మన కోటి రాసి అందరికంటే ముందు ఆ విడుదల ప్రకటన కింద పెట్టాలని మేం తయారుగా కూర్చున్నాం. కానీ తెరిచి చూసేసరికి ఎవరో మాకన్నా ముందే పెట్టేశారు. జపాన్ ఆవిడ. కింద మాటలేవీ లేవు, అప్ప పేరు, పక్కన ఒక్క సంఖ్య: 1_0000_0000.

అప్ప దాని వంక తల అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది. "ఇదెంతే పిల్లా? నాకు అందట్లేదు," అంది.

నాకూ అందలేదు. "ఆగు అప్పా, సున్నాలు లెక్కపెట్టి చెప్తా," అని స్క్రీన్ దగ్గరికి వంగాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "లెక్కెట్టకు. మనకి తెలీకపోతే ఏటి? ఆవిడ రాసుకున్నాది, ఆవిడకి తెలుస్తాది. దీనికోసమే కదేటి ఇంత కొట్లాడినాం."